అమ్మకు వెన్ను ఆపరేషన్... ఆ తర్వాత ఇంట్లో ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి. మా అమ్మకు 66 ఏళ్లు. నాన్నగారు పోయి మూడేళ్లయింది. రెండేళ్లుగా అమ్మకు నాలుగడుగులు వేస్తే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా లాగేసి తిమ్మిరెక్కుతున్నాయి. ఇంటి నుంచి రామాలయం రెండు వందల గజాలు కూడా ఉండదు. ఆ కాస్త దూరానికే మూడు చోట్ల ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని లేస్తుంది. కూర్చున్న రెండు నిమిషాలకే నొప్పి పోతుంది. వంటింట్లో మాత్రం గట్టు మీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి ఎంతసేపైనా నిలబడుతుంది. మందులు, ఫిజియోథెరపీ, వెన్నులో ఒక ఇంజెక్షన్ అయిపోయాయి. ఎం.ఆర్.ఐ. చూసిన సర్జన్ గారు ఎల్4, ఎల్5 (నడుములో నాలుగో, ఐదో) వెన్నుపూసల మధ్య నరాల దారి బాగా ఇరుకైందని, పై పూస కొంచెం ముందుకు జారిందని, ఆపరేషన్ చేసి స్క్రూలు, రాడ్లు వేయాలని చెప్పారు. అమ్మకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల సగటు 8.9 వచ్చింది. బంధువులు వెన్నుపాము ముట్టుకుంటే కాళ్లు పడిపోతాయని, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమని అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య వెంటనే చేయించెయ్యమంటున్నాడు. అమ్మేమో ‘ఇంకెన్నాళ్లు బతుకుతాను, నాకీ కోతలు వద్దు’ అంటోంది. చేయిస్తే ఎన్నాళ్లు మంచం మీద ఉంచాలి? పథ్యం ఏం పెట్టాలి? మళ్లీ కింద కూర్చుని పూజ చేసుకోగలదా?
— ఒక కూతురు

జవాబు: అమ్మా, ఎం.ఆర్.ఐ. కంటే ముందుగా మీరు రాసిన ఆ వంటగట్టు మాటే జబ్బేమిటో చెప్పేసింది. నిటారుగా నిలబడినప్పుడు నడుములో నరాలు వెళ్లే కాలువ కాస్త ఇరుకవుతుంది. ముందుకు వంగినా, కూర్చున్నా అది కాస్త తెరుచుకుంటుంది. వయసుతోపాటు డిస్కు ఉబ్బి, వెనక ఉన్న కీళ్లు లావెక్కి, పూసలను కలిపి ఉంచే పసుపుపచ్చ పట్టీ మందంగా తయారై అసలే దారి ఇరుకైన వాళ్లకు, నడిచేటప్పుడు ఆ నరాలు నలిగి కాళ్లు లాగేస్తాయి. అందుకే అమ్మగారు గట్టు మీద వాలితే వంట చేయగలుగుతున్నారు గానీ గుడికి నడవలేకపోతున్నారు. పై పూస ముందుకు జారడం కూడా ఈ వయసు స్త్రీలలో, ముఖ్యంగా ఎల్4 దగ్గర, తరచుగా చూసేదే.

బంధువుల భయం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో నిర్ణయాన్ని ఆపేది అదే. వెన్నుపాము మెడ నుంచి కిందికి దిగి, సాధారణంగా మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఆ కింద ఉండేది గుర్రపు తోకలా విడివిడిగా వేలాడే నరాల కట్ట. అమ్మగారికి ఆపరేషన్ చేయాల్సింది వెన్నుపాము ముగిసిన చోటికి ఇంకా రెండు మూడు పూసల కింద. కాబట్టి వెన్నుపామును ముట్టుకుంటారన్న మాట ఆమె విషయంలో సరికాదు. అలాగని ప్రమాదమే లేదని నేను చెప్పను. నరాల మీది పొర చిరిగి నీరు కారడం, గాయానికి చీము పట్టడం, ఒక నరం దెబ్బతిని పాదం బలహీనపడడం, స్క్రూ అనుకున్న చోట కూర్చోకపోవడం వంటివి కొద్దిమందిలో జరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో చీము పట్టే అవకాశం ఇంకాస్త ఎక్కువ. వీటిలో ప్రతిదాన్నీ పేరుపేరునా సర్జన్ గారిని అడిగే హక్కు మీకుంది, అడగండి. ఇక పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరుపొందినది. ఎముక కదలకుండా పట్టి ఉంచడం దాని పని. లోపల ఇరుకైపోయిన నరాల దారిని పైనుంచి కట్టిన కట్టు ఏదీ వెడల్పు చేయలేదు. జారిన పూస మీద గట్టిగా మర్దన చేయించడం, నడుము తొక్కించడం మాత్రం దయచేసి ఒప్పుకోకండి.

ఆపరేషన్ వల్ల ఏం బాగుపడుతుందో, ఏం పడదో ముందే తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. అమెరికాలో 13 వెన్నెముక కేంద్రాలు కలిసి చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2007లో పూస జారిన వాళ్ల గురించి, 2008లో దారి ఇరుకైన వాళ్ల గురించి వెలువడ్డాయి. ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు నొప్పి, నడక రెండూ మిగతావాళ్ల కంటే బాగా మెరుగుపడ్డాయి; అయితే చేయించుకోని వాళ్లు కూడా మంచాన పడిపోలేదు, వాళ్లలోనూ కొంత మెరుగుదల కనిపించింది. దీన్నిబట్టి మీ అన్నయ్య గారికి చెప్పాల్సింది ఒకటుంది: ఇది రేపే చేయించాల్సిన ఆపరేషన్ కాదు, రెండు మూడు నెలలు తీసుకుని సిద్ధపడవచ్చు. కాళ్ల లాగుడు బాగా తగ్గుతుంది, నడిచే దూరం పెరుగుతుంది. నడుం నొప్పి మాత్రం పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆగడానికి వీల్లేని సందర్భం ఒక్కటే. మూత్రం రాక బిగపట్టినా, తెలియకుండా మల మూత్రాలు పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవక వేలాడినా, తెల్లవారేదాకా ఆగకుండా అదే రాత్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

పూసలను కలిపి బిగించి, అవి ఒకదానికొకటి అతుక్కునేలా చేసే స్క్రూలు, రాడ్లు తప్పనిసరా అన్నది మీరు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. 2016లో స్వీడన్ నుంచి, 2021లో నార్వే నుంచి వచ్చిన అధ్యయనాలు, పూస కొద్దిగా జారిన చాలామందికి నరాల మీద ఒత్తిడి తీసేయడం ఒక్కటే సరిపోతుందని చూపించాయి. 2016లోనే అమెరికా నుంచి వచ్చిన మరో అధ్యయనంలో, పూసలను కలిపి బిగించిన వాళ్లకు కొంచెం ఎక్కువ మేలు కనిపించింది. అంటే ఇది మనిషిని బట్టి మారే నిర్ణయం. నిలబెట్టి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి వంచి తీసిన ఎక్స్‌రేలలో ఆ పూస ఎంత కదులుతోందో చూపించమనండి. బాగా కదులుతుంటే బిగించడంలో అర్థముంది. అనుమానం తీరకపోతే నిమ్స్ లాంటి చోట రెండో అభిప్రాయం తీసుకోండి. దానికి మీ సర్జన్ గారు నొచ్చుకోనక్కర్లేదు. ఖర్చు ఇబ్బందయితే, మీ కార్డు మీద ఏయే వెన్ను ఆపరేషన్లు వర్తిస్తాయో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్న ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

ఇప్పుడు అమ్మగారి మాట. మీ ఉత్తరంలో బంధువులు ఏమన్నారో, అన్నయ్య ఏమన్నాడో ఉంది; అమ్మగారికి ఏం కావాలని ఎవరైనా అడిగారా అన్నది లేదు. ‘ఇంకెన్నాళ్లు బతుకుతాను’ అనే మాట వెనక చాలాసార్లు చావు మీద కోరిక ఉండదు. పిల్లలకు బరువవుతానన్న బెంగ, డబ్బు బెంగ, మత్తులోంచి లేవనేమోనన్న భయం ఉంటాయి. ఏదో ఒక సాయంత్రం తీరిగ్గా పక్కన కూర్చుని, మూడు అరుగుల మీద ఆగకుండా గుడికి వెళ్లాలని ఉందా అమ్మా అని అడిగి చూడండి. తర్వాతి సారి సర్జన్ గారి దగ్గర రోగి కుర్చీలో ఆమెనే కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడి, ఆమె ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. అన్నీ విన్నాక కూడా వద్దంటే, వద్దనే. ఫిజియోథెరపీ, మందులు, చేతికర్ర, దారిలో ఆగి కూర్చోవడం, ఇలా కూడా చాలా ఏళ్లు గడిపే వాళ్లున్నారు.

సరేనంటే, ఆపరేషన్ గదిలోకి వెళ్లే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. 8.9 సగటుతో తొందరపడకండి, దాన్ని 7.5 దరిదాపులకు తెచ్చుకున్నాకే తేదీ పెట్టించుకోవడం మేలు. స్క్రూలు వేయాలంటే అవి పట్టే ఎముక గట్టిగా ఉండాలి కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, పుచ్చిపోయిన పళ్లు ఉంటే ముందే బాగు చేయించాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టర్ గారు, గుండె డాక్టర్ గారు కలిసి చెప్పాలి. మీకై మీరు ఆపకండి. ఇంట్లో పొగాకు అలవాటున్న వాళ్లుంటే, ముఖ్యంగా అమ్మగారికే నశ్యం, జర్దా లాంటివి ఉంటే, మానేయాలి, ఎందుకంటే పొగాకు ఎముక అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది.

ఆసుపత్రిలో రోజులు మామూలుగా నాలుగైదుకు మించవు. పదేళ్ల కిందట మా నాన్నగారికి ఇదే ఆపరేషన్ జరిగింది. నేను డాక్టర్ని, అయినా రెండో రోజు రాత్రికి సిద్ధంగా లేను. అర్ధరాత్రి లేచి, ఎప్పుడో పోయిన మా నానమ్మను పిలుస్తూ, చేతికున్న సెలైన్ గొట్టం పీకేయబోయారు. పెద్దవయసు వాళ్లకు మత్తు, నొప్పి, నిద్రలేమి, కొత్త చోటు కలిసి ఇలా మాట తడబడడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం తరచుగా జరుగుతుంది. సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఇలాంటిది కనబడితే వెంటనే నర్సుకు చెప్పండి. షుగర్ పడిపోయిందేమో, మూత్రం బిగిసిందేమో చూడాల్సి ఉంటుంది. కళ్లజోడు, చెవి మిషను ఉంటే మెలకువ రాగానే పెట్టండి. రాత్రి ఇంట్లో మనిషే పక్కన ఉండి, ఇది ఆసుపత్రి, నేను నీ కూతుర్ని అని మెల్లగా చెబుతూ ఉండండి. ఆ మర్నాడు ఫిజియోథెరపిస్టు మా నాన్నగారిని నిలబెట్టారు. వాకర్ పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, పెదాలు బిగిశాయి, కింద పరిచిన నాపరాళ్ల కేసి చూస్తూ ఒక్కో రాయి దాటారు. మంచం మీదికి తిరిగొచ్చి ‘ఏడు రాళ్లు’ అన్నారు. ఆ తర్వాత రోజూ రాళ్లు లెక్క చెప్పేవారు. మీరు అరుగులు లెక్కపెట్టుకోండి.

ఎన్నాళ్లు మంచం మీద ఉంచాలి అన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే: ఉంచకూడదు. మన ఇళ్లలో ప్రేమతో చేసే తప్పులు రెండున్నాయి, నేను చూసిన చాలా ఇబ్బందులు వాటినుంచే వచ్చాయి. మొదటిది, ‘నువ్వు కదలకు, అన్నీ నేను అందిస్తాను’ అనడం. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, ఈ వయసులో కొద్ది రోజుల్లోనే తొడ కండరాలు కరిగిపోయి, ఆపరేషన్ బాగా జరిగినా లేచి నిలబడే శక్తి ఉండదు. ఇంటికొచ్చిన రోజు నుంచే రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు నడిపించండి. వారానికి కాస్త చొప్పున పెంచండి. పడుకున్నప్పుడు పాదాలు కిందికీ పైకీ ఆడించమనండి. కూర్చోవడం మాత్రం మొదటి వారాల్లో ఒక విడతకు అరగంట దాటనివ్వకండి.

రెండో తప్పు పథ్యం. వంకాయ తింటే చీము, పెరుగు తింటే వాపు, గోంగూర తింటే కుట్లు విడిపోతాయి, కాబట్టి నెలపాటు చారన్నమో, కారప్పొడో పెట్టడం అన్నది మన దగ్గర ఎంత బలంగా నాటుకుపోయిందో నాకు తెలుసు. మా నాన్నగారికి మా మేనత్త కంచంలో పెరుగు వేయనివ్వలేదు, ఆవిడను ఒప్పించడం నాకు సర్జన్ని ఒప్పించడం కంటే కష్టమైంది. చీము పట్టేది క్రిముల వల్ల, అదుపు తప్పిన షుగర్ వల్ల. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి: పప్పు, పెరుగు, గుడ్డు, తినే వాళ్లయితే చేప, చికెన్. నొప్పి మాత్రల్లో కొన్ని మలబద్ధకం తెస్తాయి, ముక్కితే కుట్ల దగ్గర ప్రాణం పోయినంత నొప్పి. అందుకే ఆకుకూరలు, పీచున్న కూరలు, తగినన్ని నీళ్లు పథ్యం పేరుతో అసలు ఆపకండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం మాంసకృత్తులు, నీళ్లు ఎంతో డాక్టర్ గారిని అడిగి పెట్టండి.

మంచం దిగడం నేర్పించండి, ఆపరేషన్‌కు ముందే నేర్పిస్తే ఇంకా మంచిది. వెల్లకిలా ఉన్న మనిషి నేరుగా లేవకూడదు. మోకాళ్లు ముడిచి, భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి దుంగ దొర్లినట్టు పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ మోచేత్తో ఒంటిని పైకి నెట్టుకోవాలి. నడుము బెల్టు ఇస్తే లేచి తిరిగేటప్పుడే, సర్జన్ గారు చెప్పినన్నాళ్లే. వంగడం, నడుము మెలితిప్పడం, బరువెత్తడం మూడూ మానాలి; నీళ్ల బిందె, సిలిండర్, మనవడు ఏదైనా సరే. ఇల్లు కూడా మారాలి. కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ కొనండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించి, తడిసినా జారని పట్టా వేయండి. గచ్చు మీద పరిచిన గోనెపట్టాలు, తివాచీలు తీసేయండి. కత్తిపీటను అటక మీద పెట్టేసి, గట్టు మీద నిలబడి తరిగేలా చాకు, చెక్క అమర్చండి. ఇప్పుడా వంగి వాలే అలవాటు కూడా మాన్పించాల్సి ఉంటుంది.

హైదరాబాద్ లాంటి దూరం నుంచి తీసుకురావాల్సి వస్తే ఆటో, బస్సు వద్దు. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి, గంటకోసారి దింపి నాలుగడుగులు వేయించండి. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అప్పటిదాకా గాయం తడవకూడదు. పూర్తిగా మానేదాకా దాని మీద నూనె, పసుపు, ఆకుపసరు ఏదీ రాయకూడదు. జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి చీము కారినా, లేచి కూర్చుంటే తలనొప్పితోపాటు గాయం నుంచి నీళ్లలాంటి స్రావం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, సర్జన్ గారికి ఫోన్ చేసి వెంటనే చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే దేనికీ ఆగకండి.

కాళ్ల లాగుడు చాలామందికి మొదటి రోజుల్లోనే తగ్గుతుంది. గాయం దగ్గర నొప్పి కొన్ని వారాలుంటుంది. మూడో వారం, నాలుగో వారం మధ్య కొందరికి పాత నొప్పి కాస్త తిరిగొచ్చినట్టు అనిపించి బెంబేలు పడతారు. అణగి ఉన్న నరం తేరుకునేటప్పుడు అలా జరుగుతుంది, బలం తగ్గనంత వరకు కంగారు వద్దు. పూసలు అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. ఎక్స్‌రే తీసి చూస్తూ ఉంటారు. ఆరు వారాల దగ్గర మొదటి అరుగు, మూడు నెలల దగ్గర గుడి మెట్లు అనుకుని బయల్దేరండి. వారం అటూ ఇటూ అయితే నిరాశ పడకండి.

పూజ సంగతి. పూసలు అతుక్కునే వరకు కింద కూర్చోవడం, సాష్టాంగం రెండూ వద్దు. ఆ తర్వాత కూడా కాసేపయితే కూర్చోగలుగుతారేమో గానీ, కూర్చోవడం కంటే కింది నుంచి లేవడమే నడుముకు ఎక్కువ భారం. నా సలహా, ఆపరేషన్‌కు వెళ్లే ముందే దేవుడి మందిరాన్ని బల్ల ఎత్తుకు పెట్టించి, ఎదురుగా చేతులున్న కుర్చీ వేయండి. ఆవిడ ఇంటికి వచ్చేసరికి దీపం ఆవిడ చేతికి అందే ఎత్తులో ఉండాలి.

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. కరీంనగర్ దగ్గర మాకు పత్తి చేను ఉంది, ట్రాక్టర్ నాన్నే నడుపుతాడు. రెండు నెలల కింద నడుములో డిస్కు ముక్క తీసే ఆపరేషన్ అయింది. కాలి నొప్పి పోయింది గానీ పాదం అంచు, చిటికెన వేలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. ఆపరేషన్ ఫెయిలయిందని నాన్న దిగులు పడుతున్నాడు. పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?
— ఒక కొడుకు

జవాబు: ఫెయిలు కాలేదు బాబూ. నలిగిన నరం కోలుకునేటప్పుడు సాధారణంగా ముందు నొప్పి పోతుంది, తర్వాత బలం వస్తుంది, మొద్దు అన్నిటికంటే చివర తగ్గుతుంది. దానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు, కొందరికి కాస్త మిగిలిపోతుంది కూడా. మునివేళ్ల మీద లేచి నిలబడగలుగుతున్నారా అని వారానికోసారి చూడండి. అందులో బలం తగ్గుతుంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి. మొద్దుబారిన పాదానికి వేడినీళ్ల సంచి పెట్టకండి, కాలినా తెలియదు. చేలోకి చెప్పుల్లేకుండా పంపకండి.

పని విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: డిస్కు ముక్క మళ్లీ జారడం నూటికి ఐదు నుంచి పది మందిలో జరుగుతుంది, అందులో మొదటి నెలలే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సినవి. ఇప్పుడు గట్ల మీద నడక, కూలీల దగ్గర నిలబడి చూసుకోవడం చేయవచ్చు. వంగి కలుపు తీయడం, ఎరువుల బస్తా ఎత్తడం సర్జన్ గారు చూసి సరేనన్నాకే. ట్రాక్టర్ కుదుపు నడుముకు అన్నిటికంటే చెడ్డది కాబట్టి దాన్ని చివరికి ఉంచండి. ఈ దుక్కి మీరు దున్నండి, నాన్నగారిని గట్టు మీద నిలబడి చాలు చూపించమనండి.